రీఛార్జ్ మిగిలి ఉందని సిగ్నల్ లేని సిమ్‌ను మోయాలా?

మా నాన్న ఫోన్‌కి ఏడాది రీఛార్జ్ వేయించింది నేనే. 2025 మార్చి 30న, ఉగాది రోజు, 3,599 రూపాయలు కట్టి "ఇంక ఏడాదంతా రీఛార్జ్ మాటే ఎత్తక్కర్లేదు" అని గొప్పగా చెప్పాను. ఆగస్టు 25న అదే నంబర్‌ని వేరే నెట్‌వర్క్‌కి పోర్ట్ పెట్టిందీ నేనే. అప్పటికి ఇంకా 217 రోజుల వ్యాలిడిటీ మిగిలే ఉంది. అదంతా వదిలేసుకున్నాం.

ఈ విషయం చెప్పగానే మా ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే మాట: "పిచ్చా నీకు? మార్చి దాకా ఆగలేకపోయావా?" ఫోన్లు, ప్రాసెసర్లు, ఛార్జింగ్ స్పీడ్ల గురించి రాసుకునే మనం ఈ ప్రశ్నని పెద్దగా పట్టించుకోం. కానీ ఖమ్మంలో కూర్చుని ఫోన్ రివ్యూ చేయడం వేరు. భద్రాచలం దాటి అడవి అంచున ఉన్న ఇంట్లో అదే ఫోన్ మోగడం వేరు. అందుకే ఈసారి ఫోన్ పక్కనపెట్టి, సిమ్ గురించి నా అభిప్రాయం చెబుతాను. మా నాన్న వాడిన పాత నెట్‌వర్క్ పేరు గానీ, ఇప్పటి దాని పేరు గానీ చెప్పను. మా ఊళ్ళో ఓడిపోయింది మీ ఊళ్ళో టాప్‌లో ఉండొచ్చు. పేరు చూసి నిర్ణయం తీసుకోవద్దనేదే అసలు నా పాయింట్.

మన దగ్గర ఎగ్జిట్ ఫీజు లేదా?

అమెరికాలో ఉన్న మనవాళ్ళని అడిగితే కాంట్రాక్ట్ మధ్యలో మానేస్తే కట్టే ఫీజు గురించి చెబుతారు. 2009 నవంబర్‌లో వెరైజన్ స్మార్ట్‌ఫోన్లకు ఆ ఫీజుని 350 డాలర్లు చేసింది. నెల గడిచిన కొద్దీ పది డాలర్ల చొప్పున తగ్గేది. 2013లో టీ-మొబైల్ కాంట్రాక్టులే ఎత్తేసింది. మరుసటి ఏడాది మొదట్లో, వేరే కంపెనీ నుంచి వచ్చేవాళ్ళకి ఆ ఫీజు తనే కడతానంది.

మన దేశంలో ఎక్కువమంది ప్రీపెయిడ్ కాబట్టి అలాంటి ఫీజు మనకి తెలీదు. దానికి దగ్గరగా వచ్చింది 2017 నాటి జియోఫోన్. 1,500 రూపాయలు డిపాజిట్ కట్టి తీసుకుంటే మూడేళ్ళ తర్వాత తిరిగిచ్చే పద్ధతి అది. నంబర్ మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం, అంటే ఎంఎన్‌పీ, 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఉంది. 2015 జులై నుంచి ఏ సర్కిల్‌కైనా మారొచ్చు. పోర్టింగ్ ఛార్జ్ పది రూపాయలు కూడా కాదు. కాబట్టి కాగితం మీద మన దగ్గర మారడం దాదాపు ఫ్రీ.

కానీ పోర్ట్ అయిన క్షణం పాత సిమ్‌లో మిగిలిన బ్యాలెన్స్, డేటా, వ్యాలిడిటీ అన్నీ పోతాయి. కొత్త కంపెనీకి బదిలీ కావు, డబ్బు వాపసు రాదు. అమెరికాలో ఆ ఫీజుని వెళ్ళేటప్పుడు కడతారు. మనం వచ్చేటప్పుడే కట్టేస్తున్నాం, దానికి ఏడాది ప్యాక్ అని పేరు పెట్టుకున్నాం. అంతే తేడా.

మా ఊళ్ళో ఏం జరిగింది

మాది దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల దాటాక లోపలికి వెళ్ళే ఒక ఊరు. నాన్న ట్రాక్టర్ మెకానిక్. షెడ్డు ముందు రేకు మీద పెయింట్‌తో రాసిన పది అంకెల నంబర్ పన్నెండేళ్ళుగా అదే. చుట్టుపక్కల ఊళ్ళ రైతులందరి ఫోన్లలో ఆ నంబర్ ఉంటుంది.

ఉగాదికి నేను రీఛార్జ్ వేయించేటప్పుడు సిగ్నల్ ఒక మాదిరిగానే ఉంది. వానలు మొదలయ్యాక పరిస్థితి మారింది. కరెంటు పోయిన పది నిమిషాలకే టవర్ కూడా పోయేది. కరెంటు ఉన్నప్పుడు కూడా ఇంట్లో ఒక్క గీత కష్టంగా వచ్చేది. మాట్లాడాలంటే నాన్న చెరువు కట్ట మీదికి నడిచేవాడు. నేను మారుద్దామన్న ప్రతిసారీ ఒకటే సమాధానం: "కట్టిన పైసలు నీళ్ళల్ల పోసుకుంటమారా? ఏడాది అయ్యేదాకా కట్ట మీదికి పోయి మాట్లాడత లే."

ఆగస్టు నెల మధ్యలో ఒక రాత్రి అమ్మ పెరట్లో జారి పడింది. మణికట్టు విరిగింది. బయట వాన. నాన్న టార్చ్ పట్టుకుని కట్ట మీదికి వెళ్ళి, సిగ్నల్ దొరికి, ఆటో ఉన్నాయనకి ఫోన్ కలిపేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ అమ్మ ఒక్కతే ఉంది. ఆమె ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ రాత్రి ఇంట్లో ఉన్న ఫోన్ చిన్నదేం కాదు. నేనే ఏరి కొన్నది, 5జీ, మంచి బ్యాటరీ. సిగ్నల్ లేనప్పుడు అది గడియారం, టార్చ్. అంతే.

మన సొంత నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందుతుంటే 112కి కాల్ వెళ్ళే ఏర్పాటు ఫోన్లలో ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ విషయం తప్పకుండా చెప్పండి. కానీ ఆటో ఆయనకీ, కొడుక్కీ ఆ ఏర్పాటు పనిచేయదు.

లెక్క ఎలా వేయాలి?

ఇక్కడ దాదాపు అందరూ తప్పు లెక్క వేస్తారు. నేనూ మొదట తప్పే వేశాను.

3,599ని 365 రోజులతో భాగిస్తే రోజుకి 9 రూపాయల 86 పైసలు. 217 రోజులకి సుమారు 2,140 రూపాయలు. "ఇంత నష్టం" అనుకున్నాను. తర్వాత కొత్త నెట్‌వర్క్‌లో 84 రోజుల ప్యాక్ 859 రూపాయలు ఉంది కదా, అంటే రోజుకి 10 రూపాయల 23 పైసలు, 217 రోజులకి 2,219 రూపాయలు. ఈ రెండూ కలిపి "మారితే 4,359 రూపాయల దెబ్బ" అని నోట్స్‌లో రాసుకున్నాను.

ఇది తప్పు. ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కపెట్టాను. ఉగాది రోజు కట్టిన 3,599 ఎలాగూ పోయింది. ఉన్నా పోయిందే, మారినా పోయిందే. ఈ రోజు నుంచి నా జేబులోంచి కొత్తగా ఎంత వెళ్తుంది అన్నదే ప్రశ్న. మారకపోతే సున్నా. మారితే 217 రోజులకి 2,219. నెలకి చూస్తే సుమారు 307 రూపాయలు. మారడానికి అసలు ఖరీదు అదే.

ఇలా పెట్టి చూస్తే ప్రశ్న చాలా చిన్నదైపోతుంది. ఇంట్లో కూర్చుని ఫోన్ ఎత్తగలగడం కోసం నెలకి 307 రూపాయలు పెట్టొచ్చా? నాట్ల సీజన్‌లో ట్రాక్టర్ ఆగిపోతే రైతు ఒకసారి చేస్తాడు, రెండుసార్లు చేస్తాడు. కలవకపోతే ఇంకో మెకానిక్‌కి చేస్తాడు. అలా ఒక్క పిలుపు తప్పినా నెలకి ఆ 307 కంటే ఎక్కువే పోతుంది. అమ్మ సంగతి లెక్కలోకి తేకుండానే నాన్న ఒప్పుకున్నది ఈ లెక్కకే.

ఇంకో లెక్క నన్ను ఇంకా సిగ్గుపడేలా చేసింది. అదే 84 రోజుల ప్యాక్‌తో ఏడాదంతా గడిపితే సుమారు 3,733 రూపాయలు అవుతుంది. ఏడాది ప్యాక్‌తో నేను మిగిల్చింది 134 రూపాయలు. డేటా కాస్త ఎక్కువ ఇస్తారు, నిజమే. కానీ స్పేర్ పార్టుల ఫొటోలు వాట్సాప్‌లో పంపుకునే మనిషికి రోజుకి అర జీబీ కూడా అవ్వదు. 134 రూపాయల కోసం నాన్నని ఏడాది పాటు ఒకే టవర్‌కి కట్టేశాను.

రెండో సిమ్ పెడితే సరిపోదా?

చాలామందికి ఇదే మంచి సలహా. పాత సిమ్‌ని అలాగే ఉంచి, రెండో స్లాట్‌లో వేరే నెట్‌వర్క్ చిన్న ప్యాక్‌తో వేసుకుంటే మిగిలిన వ్యాలిడిటీ వృథా కాదు. డేటా అక్కర్లేని వాళ్ళ కోసం కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు తేవాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో రూల్ పెట్టింది. ఆ ప్యాక్‌లు రెండో సిమ్‌కి బాగా పనికొస్తాయి.

కానీ నాన్న విషయంలో అవసరం అవుట్‌గోయింగ్ కాదు, ఇన్‌కమింగ్. రేకు మీద ఉన్న నంబర్‌కి వచ్చే కాల్ మోగాలి. పాత నంబర్‌కి వచ్చినవి కొత్త నంబర్‌కి ఫార్వర్డ్ చేద్దామంటే, కోడ్ డయల్ చేసి పెట్టుకునే కాల్ ఫార్వర్డింగ్‌ని మోసాల కారణంగా టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపించింది. వేరే పద్ధతుల్లో పెట్టుకున్నా బ్యాంకు ఓటీపీలు ఫార్వర్డ్ కావు. కొత్త నంబర్ నుంచి నాన్న ఫోన్ చేస్తే సగం మంది ఎత్తరు. నంబరే బతుకుదెరువు అయినప్పుడు రెండో సిమ్ సగం మందు మాత్రమే.

మారే ముందు నేను చేసిన టెస్ట్

రివ్యూల కోసం నా దగ్గర అన్ని కంపెనీల సిమ్‌లూ ఉంటాయి. వాటిని తీసుకెళ్ళి నాన్న ఫోన్ రెండో స్లాట్‌లో మార్చి మార్చి వేసి చూశాను. గీతలు నమ్మలేదు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్ డీబీఎంలో కనిపిస్తుంది. మైనస్ 90 దగ్గర ఉంటే హాయి, మైనస్ 110 దాటితే కష్టం, మైనస్ 120 దగ్గర ఉంటే ఆశ వదులుకోవచ్చు. పాత నెట్‌వర్క్ ఇంట్లో మైనస్ 118, కట్ట మీద మైనస్ 104. కొత్తది ఇంట్లోనే మైనస్ 97.

మీరు చేసేటప్పుడు నాలుగు చోట్ల చూడండి: పడుకునే గది, పని చేసే చోటు, పొలం, రోజూ తిరిగే దారి. రెండు సమయాల్లో చూడండి: సాయంత్రం ఏడింటికి, కరెంటు పోయినప్పుడు. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. టవర్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ఏ ప్రకటనలోనూ చెప్పరు. గోదావరి పక్కన బతికేవాళ్ళకి ఇది మామూలు విషయం కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్ళు 71 అడుగులు దాటాయి. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకి. అలాంటి రోజు ఫోన్ కలవడమే స్పెసిఫికేషన్.

కవరేజ్ మ్యాప్‌లు కంపెనీలు తమ సైట్లలో పెట్టాలని ట్రాయ్ రూల్ తెచ్చింది. చూడండి, కానీ అది మొదటి అంచనా మాత్రమే. ఫోన్ బ్యాండ్లు కూడా చూసుకోండి. 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలే దూరం పోతాయి, చెట్లనీ గోడలనీ దాటతాయి. ఖమ్మం టౌన్‌లో మనకి వేగం ఇచ్చే 3,500 మెగాహెర్ట్జ్ 5జీ అడవి అంచున అంత దూరం రాదు. బీఎస్ఎన్ఎల్ 4జీ 700 మెగాహెర్ట్జ్ మీద, అంటే బ్యాండ్ 28 మీద కూడా నడుస్తుంది. పాత 4జీ ఫోన్లలో ఆ బ్యాండ్ లేనివి చాలానే ఉన్నాయి. టవర్ పక్కనే ఉన్నా ఫోన్‌కి చెవి లేకపోతే ఏం లాభం?

పోర్ట్ ఎలా అయ్యింది?

ఇంగ్లిష్‌లో పోర్ట్ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, మొబైల్ నంబర్ కొట్టి 1900కి ఎస్సెమ్మెస్ పంపాను. యూపీసీ కోడ్ వచ్చింది. మన సర్కిల్‌లో అది నాలుగు రోజులు పనిచేస్తుంది. ఆ తర్వాత పాత కంపెనీ నుంచి ఆఫర్ కాల్ వచ్చింది. "మా ఇంట్లో సిగ్నల్ ఇస్తారా?" అని నాన్న అడిగితే, అటువైపు అమ్మాయి అదనపు డేటా ఇస్తామంది. ఆమె తప్పు కాదు, ఆమె దగ్గర ఉన్నదే అది.

ఆధార్‌తో వేలిముద్ర వేయడానికి నాన్న భద్రాచలం రావాల్సి వచ్చింది. ఒక పూట పని పోయింది. ఒకే సర్కిల్‌లో అయితే మూడు పనిదినాలు, వేరే సర్కిల్‌కి అయితే ఐదు పనిదినాలు గడువు. మాకు మధ్యలో వినాయక చవితి సెలవు వచ్చింది. అందుకే శుక్రవారం రాత్రి దాకా పట్టింది. ఇక్కడ ఒక తమాషా ఉంది. భద్రాచలం దాటి ఎటపాకలో అడుగుపెడితే రాష్ట్రం మారిపోతుంది గానీ టెలికాం సర్కిల్ మారదు. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఇప్పటికీ ఒకటే సర్కిల్. చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్తే మాత్రం అది వేరే సర్కిల్.

కొన్ని షరతులు ముందే తెలుసుకోండి. కనెక్షన్ తీసుకుని, లేదా పోయినసారి పోర్ట్ అయ్యి, 90 రోజులు దాటాలి. సిమ్ పోయి కొత్తది తీసుకుంటే ఏడు రోజులు ఆగాలి, ఇది 2024 జులై 1 నుంచి వచ్చిన రూల్. పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు, ఒప్పందంలో ఎగ్జిట్ క్లాజ్ ఉంటే అది తీర్చాలి. చివరి బిల్లు ఎగ్గొట్టి వెళ్ళిపోతే కొత్త కంపెనీలో కూడా నంబర్ ఆగిపోతుంది.

ఆ 90 రోజుల రూల్‌ని తేలిగ్గా తీసుకోకండి. టెస్ట్ చేయకుండా మారి, కొత్తది ఇంకా అధ్వాన్నం అని తేలితే మూడు నెలలు అక్కడే ఉండాలి. డబ్బు కంటే అదే పెద్ద ఫీజు.

మరి నేను మారానా?

లేదు. నాదీ అదే పాత నెట్‌వర్క్, నాదీ ఏడాది ప్యాకే. ఖమ్మంలో మా గదిలో అది బ్రహ్మాండంగా వస్తుంది. కొత్త నెట్‌వర్క్ కాస్త వేగంగా ఉన్నా, ఆ వేగం కోసం నెలకి 307 రూపాయలు పెట్టడం దండగ. కాల్ డ్రాప్ అయితే వెంటనే మళ్ళీ చేస్తాను, వైఫై ఎలాగూ ఉంది. ఒకే కంపెనీ, ఒకే ప్యాక్, ఒకే లెక్క. అయినా నాన్నకి మారడం కరెక్ట్, నాకు ఉండిపోవడం కరెక్ట్. 30 రోజులు మాత్రమే మిగిలి ఉంటే నాన్నకి కూడా మీ ఫ్రెండ్స్ చెప్పేదే చెప్పేవాణ్ణి: రెండో సిమ్‌తో నెట్టుకురా, తర్వాత మారుద్దాం అని.

కొత్త నెట్‌వర్క్ స్వర్గమేం కాదు. సాయంత్రాలు వీడియో ఆగి ఆగి వస్తుంది. క్రికెట్ చూసేటప్పుడు నాన్న నన్ను తిడుతూనే ఉంటాడు. కానీ తిట్టడానికి కట్ట మీదికి వెళ్ళక్కర్లేదు, మంచం మీద కూర్చునే తిడుతున్నాడు.

నేను మార్చుకున్న అభిప్రాయం ఏంటంటే, అడవి అంచు ఊళ్ళకి ఏడాది ప్యాక్ వద్దు. సిటీలో నెట్‌వర్క్ ఏడాదిలో పెద్దగా మారదు. అక్కడ మారుతుంది. టవర్ లేని ఊళ్ళకి 4జీ ఇవ్వడానికి కేంద్రం 2022 జులైలో 26,316 కోట్ల ప్రాజెక్టుకి ఆమోదం ఇచ్చింది. 24,680 ఊళ్ళు లక్ష్యం. 2025 జనవరిలో, ప్రభుత్వ నిధులతో కట్టిన టవర్లను వేరే కంపెనీల కస్టమర్లు కూడా వాడుకునే ఏర్పాటు మొదలైంది. అదే ఏడాది సెప్టెంబర్ 27న బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ లాంఛనంగా ప్రారంభమైంది. ఈ ఉగాదికి బాగున్నది వచ్చే దసరాకి వెనకబడొచ్చు, లేనిది రావొచ్చు. అలాంటి చోట చేతిలో ఉండాల్సింది డిస్కౌంట్ కాదు, మారే వీలు. 84 రోజులు, కుదిరితే 28 రోజులు. రోజుకి ముప్పై ఏడు పైసలు ఎక్కువైతే అవ్వనీయండి.

ఈ వారం ఇంటికి వెళ్తే అమ్మానాన్నల ఫోన్ తీసుకుని, కరెంటు పోయినప్పుడు ఒకసారి సిమ్ స్టేటస్ చూడండి. వ్యాలిడిటీ ఎన్ని రోజులు ఉందన్నది ఆ తర్వాత చూడొచ్చు.